మీటరు ముల్లు తప్పు చూపిస్తే

ఫోనుకు చలానా వస్తుంది. తెరిస్తే బండి వెనక భాగం ఫోటో, నంబరు ప్లేటు, పక్కనే రెండు అంకెలు: అనుమతించిన వేగం 80, నమోదైన వేగం 86. చూసినవాడి నోట మొదట వచ్చే మాట, "నా మీటరు ఎనభైయే చూపించింది!" ఈ ఒక్క మాటలో రెండు వాదాలు కలగలిసి ఉన్నాయి. నేను 86లో పోలేదు, పోలీసుల స్పీడ్ గన్నే తప్పు అనేది ఒకటి. పోయాను కాబోలు, కానీ నాకు తెలియదు, నా మీటరు తప్పు అనేది రెండోది. జనం రెండింటినీ ఒకే గుక్కలో అనేస్తారు గానీ అవి ఒకే ఒరలో ఇమడవు. మీటరు తప్పని మనమే ఒప్పుకున్నాక, పోలీసు గన్ను మీదికి దాన్ని సాక్షిగా తీసుకురాలేం. ఇక మిగిలే ప్రశ్న ఒకటే. పని జరిగింది, తెలిసి జరగలేదు; అలాంటప్పుడు తప్పు ఎవరి ఖాతాలో పడాలి? కారు నడిపేవాడికి మోటారు వాహనాల చట్టం 183వ సెక్షన్ కింద దీని ఖరీదు వెయ్యి నుంచి రెండు వేల రూపాయలు. దర్శనాల్లో, ధర్మశాస్త్రాల్లో మాత్రం ఇది ఎప్పటికీ తెగని పాత తగాదా.

స్పీడోమీటరు రోడ్డును చూడదు. చక్రం ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కపెట్టి, చుట్టుకు ఇంత దూరమని ముందే పెట్టిన లెక్కతో గుణించి ముల్లును కదుపుతుంది. తార్కికుల భాషలో అది ప్రత్యక్షం కాదు, అనుమానం. పొగను చూసి అక్కడ నిప్పుందనడం లాంటిది. పొగకూ నిప్పుకూ ఉండే ముడి ఇక్కడ టైరు చుట్టుకొలత. అది మారిందా, అనుమానం చెడుతుంది. 175/65 ఆర్14 అని రాసి ఉన్న టైరు ఎత్తు 583 మిల్లీమీటర్లు. బండి నిండుగా కనపడాలని అదే రిమ్ముకు 195/70 వేయిస్తే ఎత్తు 628 దాటుతుంది, అంటే దాదాపు ఎనిమిది శాతం ఎక్కువ. అంతవరకూ కచ్చితంగా చూపించిన మీటరు ఇకమీదట 80 అన్నప్పుడు బండి 86లో ఉంటుంది. మీటరు పాడైపోలేదు, అబద్ధమూ ఆడలేదు. పాత కాళ్ల లెక్కతో కొత్త కాళ్ల నడకను కొలుస్తోంది, అంతే. అసలు మీటర్లు ఇలా తక్కువ చూపించడమే అరుదు. ఐక్యరాజ్యసమితి యూరప్ ఆర్థిక సంఘం వారి 39వ నిబంధన ప్రకారం మీటరు అసలు వేగం కంటే తక్కువ చూపించనే కూడదు. ఎక్కువైతే చూపించవచ్చు, అసలు వేగంలో పదో వంతు, దాని మీద మరో నాలుగు కిలోమీటర్ల దాకా. నిజంగా 80లో పోతున్నప్పుడు ముల్లు 92 దగ్గరున్నా ఆ నిబంధనకు అభ్యంతరం లేదు, 79 దగ్గరుంటే మాత్రం ఒప్పుకోదు. తప్పు ఎటూ తప్పనప్పుడు అది ప్రాణానికి మేలు చేసే పక్కకే ఒరగాలన్న ఆలోచన అది. అందువల్ల ముల్లు తక్కువ చూపుతోందంటే చాలాసార్లు ఫ్యాక్టరీ గేటు దాటాక ఎవరో ఏదో మార్చారనే అర్థం.

తెలియక చేసింది తప్పే కాదనే వాదానికి పెద్ద అండ బౌద్ధం. కర్మ అంటే చేతన, అంటే మనసులోని సంకల్పం. సంకల్పం లేనిచోట కర్మ లేదు. దీన్ని జైనులు ఎంత ఎకసెక్కం చేశారో తమ గ్రంథం సూత్రకృతాంగంలో చూడవచ్చు. అందులో ఒక బౌద్ధుడి చేత ఇలా అనిపిస్తారు: తెలకపిండి ముద్దను మనిషనుకుని శూలానికి గుచ్చి కాల్చినా, సొరకాయను పసిబిడ్డనుకుని కాల్చినా హత్యాపాపమే, అదే మనిషిని తెలకపిండి అనుకుని, బిడ్డను సొరకాయ అనుకుని కాలిస్తే పాపం లేదు. వింటున్న జైనుడు ఆర్ద్రకుడు దీన్ని ఈసడించుకుంటాడు. ప్రత్యర్థి మాటను వంకరగా చూపించడమే ఇది, అయినా దెబ్బ తగలాల్సిన చోటే తగిలింది. మనిషికీ పిండిముద్దకూ తేడా తెలియనంత అజ్ఞానం ఎక్కణ్ణుంచి వచ్చిందని ఎవరూ అడగక్కర్లేదా? బౌద్ధంలోనే ఆ ప్రశ్న వేరే రూపంలో తలెత్తింది. మిళిందపన్హాలో నాగసేన భిక్షువు, తెలిసి పాపం చేసేవాడి కంటే తెలియక చేసేవాడికే ఎక్కువ చెరుపు అంటాడు. అలాగైతే మా కుమారులు, మంత్రులు తెలియక తప్పు చేస్తే రెట్టింపు శిక్ష వేయాలన్నమాట అని మిళింద రాజు విసురుతాడు. దానికి నాగసేనుడు ఎర్రగా కాలిన ఇనుప గుండును చూపిస్తాడు: కాలుతుందని తెలిసి పట్టుకున్నవాడికా, తెలియక పట్టుకున్నవాడికా చెయ్యి ఎక్కువ కాలేది? కారులో కూర్చున్నవాడికి ఈ పోలిక అక్షరాలా వర్తిస్తుంది. 80 అనుకుంటూ 86లో పోయేవాడు బ్రేకు వేయాల్సిన చోటును 80 లెక్కన ఊహించుకుంటాడు. బ్రేకు పడ్డాక బండి జారే దూరం వేగపు వర్గాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి అది 80కి పట్టే దూరం కంటే పదిహేను శాతం పైగా ఎక్కువ. ముందు రోడ్డు దాటుతున్నవాడికి ఇతని సంకల్పం ఎంత శుద్ధమైనదైతే మాత్రం ఏం లాభం?

అయినా మీటరును నమ్మడం తప్పా? కాదు. కామెర్ల రోగికి తెల్లటి శంఖం పచ్చగా కనిపిస్తుందనేది మన తర్కగ్రంథాల్లో నలిగిన ఉదాహరణ. శంఖం పచ్చగా ఉందని చెప్పే ఆ రోగి అబద్ధాలకోరు కాడు; దోషం అతని కంటిలో ఉంది, మాటలో లేదు. కుమారిల భట్టు లాంటి మీమాంసకులు ఇంకో అడుగు ముందుకేసి, ప్రతి జ్ఞానమూ తనంతట తానే ప్రమాణం, దాన్ని కొట్టేసే మరో జ్ఞానం వచ్చేదాకా సందేహించే పని లేదన్నారు. కనిపించిన ప్రతిదాన్నీ శంకిస్తూ కూర్చుంటే బతుకు సాగదు. నైయాయికులు దీనికి ఒప్పుకోలేదు. జ్ఞానం నిజమో కాదో బయటి నుంచి తేలాలి. దూరాన నీళ్లు కనిపించాయి, వెళ్లి తాగితే దాహం తీరింది, అప్పుడు ఆ చూపు సరైనదని తెలిసింది. నా మటుకు, ఒక్క ప్రయాణానికి మీమాంసకుడు చాలు. అద్దె కారు తీసుకుని రాజమండ్రి దాకా వెళ్లొచ్చేవాడు ముల్లును నమ్మడం న్యాయమే. అదే బండిని మూడేళ్లుగా తోలుతున్నవాడికి నైయాయికుడు కావాలి. పక్క బండ్లన్నీ తనకంటే వెనకబడుతుంటాయి, ఫోనులో మ్యాపు ఒక అంకె చెబుతుంటే ముల్లు ఇంకోటి చెబుతుంది, గంట పట్టాల్సిన దారి యాభై అయిదు నిమిషాల్లో అయిపోతుంది. కొట్టేసే జ్ఞానం రోజూ వచ్చి తలుపు తడుతూనే ఉంది. అది విననివాడిది తెలియకపోవడం కాదు, తెలుసుకోకపోవడం.

ఈ రెండింటి మధ్య గీత ఎక్కడ పడుతుందో వాల్మీకి దశరథుడి కథలో చూపించాడు. యువరాజుగా ఉన్న రోజులు, వానాకాలం, సరయూ తీరం, చీకటి. బుడబుడమని శబ్దం వినిపించింది. ఏనుగు నీళ్లు తాగుతోందనుకుని బాణం వేశాడు. తీరా చూస్తే అంధులైన తల్లిదండ్రుల కోసం కడవ ముంచుతున్న ముని కుమారుడు. దశరథుడి చెవిలో ఏ దోషమూ లేదు. శబ్దం ఎక్కణ్ణుంచి వచ్చిందో అది సరిగ్గానే చెప్పింది, బాణం సూటిగా అక్కడికే పోయింది. చెవి చెప్పనిదల్లా అది ఏనుగా మనిషా అన్నది. అది అతను తన లెక్క ప్రకారం కలుపుకున్నాడు. పైగా శబ్దవేధి అనే పేరు మీద మోజు. కన్ను పనిచేయని వేళ ఒక్క చెవి మాట మీద ప్రాణం తీసే పనికి దిగమని ఎవరూ అడగలేదు. ఏనుగు అనుకున్నాననే మాట పూర్తిగా నిజం, కానీ పూర్తిగా సరిపోదు. ఆ ముసలి తండ్రి ఇచ్చిన తీర్పులో మూడు ముక్కలున్నాయి. నువ్వే వచ్చి ఈ సంగతి నాకు చెప్పి ఉండకపోతే నీ తల పగిలిపోయేది. తెలియక చేశావు కాబట్టి బ్రహ్మహత్య ఇప్పటికిప్పుడు నిన్ను చుట్టుకోదు. అయినా నాలాగే నువ్వూ కొడుకు కోసం ఏడుస్తూ పోతావు. తెలియకపోవడం శిక్షను తగ్గించింది, తుడిచేయలేదు. ఆ తగ్గింపయినా, శవాన్ని వదిలేసి చీకట్లో జారుకోకుండా, ఆ కడవలోనే నీళ్లు ముంచుకుని వాళ్ల దగ్గరికి నడిచి వెళ్లినందుకు దక్కింది. మనువు కూడా తెలియక చేసిన పాపానికి ప్రాయశ్చిత్తం లేదనలేదు. తెలిసి చేసినదానికంటే తేలికైనది చెప్పాడు.

తెలుసుకోకపోవడమూ తప్పేననే ఈ మాట మీద గట్టి అభ్యంతరమే ఒకటుంది. సామాన్యుడు మీటరును విప్పి చూసుకోలేడు, దాన్ని పరీక్షించే శాస్త్రం అతనికి రాదు. చేతకాని పనిని బాధ్యతగా నెత్తిన పెట్టడం అధర్మం కాదా? కొంతవరకు ఔను. అద్దె కారు వాడి విషయంలో, యజమాని టైర్లు మార్చిన సంగతి తెలియని జీతపు డ్రైవరు విషయంలో ఈ అభ్యంతరం పూర్తిగా నిలబడుతుంది. జీతగాడి చేత మితిమీరిన వేగంతో నడిపించే యజమానికి కూడా 183వ సెక్షన్‌లోనే జరిమానా ఉంది. మిగతావారి సంగతికి 1977లో అమెరికాలోని కాన్సాస్ అప్పీలు కోర్టు చూసిన తీరు పనికొస్తుంది. ఒక డ్రైవరు 55 మైళ్ల పరిమితి ఉన్నచోట 77లో పోయి, క్రూయిజ్ కంట్రోల్ ఇరుక్కుపోయిందని చెప్పుకున్నాడు. బ్రేకులు అనుకోకుండా ఫెయిలైనప్పుడు మరో సంగతి, కానీ బండి మీద నీకున్న పట్టులో కొంత నీ ఇష్టంతోనే ఆ పరికరానికి అప్పగించావు కాబట్టి అది చేసిన పని నీదే అంది కోర్టు. మీటరు పూర్తిగా అలాంటిది కాదు, అది బండిని తోలదు. లావు టైరు మాత్రం అచ్చంగా అలాంటిదే. అది వచ్చి తనంతట తాను బండికి అతుక్కోలేదు.

ఇంకో అభ్యంతరం ఎదుటి పక్షం మీదికి పోతుంది, అందులో బలం ఎక్కువ. పౌరుడు తన కొలతకు జవాబుదారీ అయితే, అతణ్ణి కొలిచే ప్రభుత్వం? 183వ సెక్షన్‌లోనే మంచి మాట ఒకటుంది: వేగంగా పోతున్నట్టు నాకనిపించిందని ఒక్క సాక్షి చెప్పినంత మాత్రాన శిక్షించకూడదు, ఆ అంచనా యంత్రంతో కట్టినదని చూపించాలి. మనిషి కన్నును నమ్మని చట్టం యంత్రాన్ని నమ్మింది. ఆ యంత్రాన్ని ఎవరు చూస్తారు? మోటారు వాహనాల నియమాల్లో 2021లో చేరిన 167ఎ నియమం, ఇలాంటి పరికరం కచ్చితంగా పనిచేస్తోందనే ధ్రువపత్రం ఉండాలనీ, దాన్ని ఏటా కొత్తగా తీసుకోవాలనీ చెబుతోంది. వేగం కొలిచే రాడార్లను తూనికలు కొలతల చట్టం పరిధిలో పరీక్షించి ముద్ర వేసే నియమాలను కేంద్రం 2025లో నోటిఫై చేసింది. కొత్త ఆలోచనేమీ కాదు. తూనికరాళ్లను ఆరు నెలలకోసారి రాజు పరీక్షించాలన్నాడు మనువు. కౌటిల్యుడు నాలుగు నెలలకే గడువు పెట్టి, ముద్ర వేయించుకోని రాళ్లు వాడితే 27 పణాల మీద పావు జరిమానా అన్నాడు. ఆ జరిమానా దొంగ తూకానికి కాదు. రాయి సరిగ్గానే ఉండొచ్చు, చూపించుకోనందుకే దండన. కొలిచే ప్రతివాడి ధర్మం, అంగడివాడిదైనా రాజుదైనా, ఆ పావు పణంలో ఉంది.

రాజు కొలత తప్పితే ఏమవుతుందో చెప్పడానికి మహాభారతంలో మాండవ్యుడనే ముని ఉన్నాడు. దొంగలు సొమ్ము తెచ్చి ఆశ్రమంలో దాచారు, మౌనవ్రతంలో ఉన్న ముని పలకలేదు, రాజభటులకు కనిపించింది చాలు, కొరత వేశారు. తర్వాత రాజు కాళ్ల మీద పడి తెలియక చేశానన్నాడు. ముని అతణ్ణి వదిలి నేరుగా యమధర్మరాజునే నిలదీశాడు: నాకీ గతి దేనికి? చిన్నప్పుడు పురుగులకు గడ్డిపుల్లలు గుచ్చావన్నాడు ధర్ముడు. ఊహ తెలియని తప్పుకు ఇంత శిక్షా అని ముని శపిస్తే ఆ ధర్ముడే విదురుడై పుట్టాడు. పద్నాలుగేళ్ల లోపు చేసినదానికి పాపం లేదని హద్దు కూడా ఆ ముని పెట్టిందే. తెలియనివాణ్ణి శిక్షించవచ్చా అనే ప్రశ్నకు భారతం ఇచ్చే జవాబు నాకిలా అర్థమవుతుంది: శిక్షించవచ్చు, కానీ తూకం తప్పితే శిక్షించినవాడు కూడా బోనెక్కాలి. అందుకే చలానా అందినవాడు గన్ను ధ్రువపత్రం చూపించమని అడగడం మొండితనం కాదు, అతని హక్కు. ఆ హక్కును నీరుగార్చేది కోర్టుల కంటే రాయితీలే అనిపిస్తుంది. 2022లోనూ 2023 డిసెంబరులోనూ తెలంగాణలో పెండింగు చలానాలకు భారీ తగ్గింపులు ప్రకటించారు. జనం వరస కట్టి కట్టేశారు. చేశామా లేదా అని అడిగినవారు లేరు. పండగ సేలులో చీరకు, చలానాకు తేడా లేకుండా పోయింది.

మరి నిజంగానే మీటరు తప్పైనవాడు కోర్టుకు పోకూడదా? పోవాలి. కానీ నేను చేయలేదని కాదు. చేశాను, ఇలా జరిగింది, ఇదిగో సరిచేశాను అని. జరిమానా తగ్గించమని అడగడానికి ఆ మాటకు బలముంది, కొట్టేయమనడానికి లేదు. అప్పుడు న్యాయాధికారి బల్ల మీద రెండు కాగితాలుంటాయి. ఒకటి చలానా, రెండోది మెకానిక్ ఇచ్చిన బిల్లు: పాత సైజు టైర్లు తిరిగి వేశాం, మీటరు సరిచూశాం అని. ఆయన ముందుగా చూసేది ఆ బిల్లు మీది మొత్తాన్ని కాదు, తేదీని. దాని కింద ఇంకో బిల్లు కూడా ఉంటే, లావు టైర్లు వేయించిన నాటిది, దాని మీద ఎవరి పేరుందో కూడా చూస్తాడు.