ప్రశ్న విశ్వాసానికి శత్రువా?



“సైన్సు చదివిన పిల్లలు గుడికి దూరమవుతున్నారు” అని బాధపడే తల్లిదండ్రులు మన విచారణల్లో ఎందరో ఉన్నారు. ఆ భయంతోనే, “దేవుని విషయంలో ప్రశ్నలు వేయకూడదు” అని పిల్లల నోరు మూయించేవారూ ఉన్నారు. ప్రశ్నించడం నిజంగా అవిశ్వాసమేనా?

పునీత మహా ఆల్బర్టు గారి జీవితం దీనికి జవాబిస్తుంది. ఆయన జర్మనీ దేశంలో, డాన్యూబు నదీతీరాన ఉన్న లావింగెన్ పట్టణంలో, సుమారు 1200లో జన్మించారు. దొమినికన్ సభలో చేరి పారిస్, కొలోన్ నగరాలలో బోధించారు. పునీత తోమా అక్వినాసు ఆయన శిష్యులే. క్రైస్తవుడు కాని అరిస్టాటిల్ రచనలను ఆనాడు అనేకులు అనుమానించేవారు. ఆయన ప్రకృతి శాస్త్ర గ్రంథాలను బోధించరాదని 1210లో పారిస్‌లో నిషేధం కూడా విధించారు. తరువాతి కాలంలో ఆల్బర్టు ఆ గ్రంథాలను శ్రద్ధగా చదివి, విపులంగా వ్యాఖ్యానించారు. తప్పు కనబడిన చోట తప్పని చెప్పారు.

నిప్పుకోడి ఇనుమును తింటుందని అప్పట్లో చెప్పుకునేవారు. ఆల్బర్టు స్వయంగా వాటి ముందు ఇనుప ముక్కలు వేసి చూశారు. అవి ముట్టలేదు. ఆ సంగతినే తన జంతుశాస్త్ర గ్రంథంలో వ్రాశారు. చిన్న విషయమే కావచ్చు. కాని సృష్టిని గురించి అబద్ధం చెప్పి సృష్టికర్తను ఘనపరచలేమని ఆయన ఎరుగుదురు.

అలాగని బుద్ధికి అన్నీ అందుతాయని ఆయన తలంచలేదు. త్రిత్వ పరమరహస్యం దేవుడు బయలుపరచగా మనం అందుకున్నదే గాని, పరిశోధించి కనుగొన్నది కాదు. దేనిని పరీక్షించాలో, దేనిని వినయంతో స్వీకరించాలో తెలుసుకోవడమే వివేకం. ఆయన పాండిత్యం గర్వానికి దారితీయలేదు. 1260లో రేగెన్స్‌బుర్గ్ పీఠాధిపతిగా నియమితులైనప్పుడు తన మేత్రాసనంలో కాలినడకనే తిరిగారు. కొద్దికాలానికే ఆ పదవిని విడిచి, తిరిగి బోధనకు వచ్చారు. 1280 నవంబరు 15న కొలోన్‌లో కన్నుమూశారు. 1931లో పదకొండవ పయస్ పోపుగారు ఆయనను పునీతునిగా, శ్రీసభ పండితునిగా ప్రకటించారు. 1941లో పన్నెండవ పయస్ పోపుగారు ప్రకృతి శాస్త్రజ్ఞులకు పాలక పునీతునిగా నియమించారు.

“ఈ ప్రార్థనను పదిమందికి పంపకపోతే కీడు జరుగుతుంది” అని ఫోనులో వచ్చే సందేశాలను మనలో కొందరు వెంటనే పంపేస్తారు. అది భక్తి కాదు, భయం. ఇంట్లో బిడ్డ నిజాయితీగా అడిగిన ప్రశ్నను మాత్రం కసురుకుంటాం. నోరు మూసినంత మాత్రాన ప్రశ్న చావదు. ఇంట్లో దొరకని జవాబును అది వీధిలో వెతుక్కుంటుంది.

తల్లిదండ్రులారా, జవాబు తెలియకపోతే “నాకు తెలియదు, కలిసి తెలుసుకుందాం” అనండి. విచారణ గురువులను అడగండి. అక్షరం రాని అవ్వ జపమాల చెప్పి దేవునికి చేరువవుతుంది. చదువుకున్న మనుమడు సత్యాన్ని వెదకి చేరువవుతాడు. ఇద్దరి గమ్యమూ ఒక్కటే. సత్యం ఏ దారిన వచ్చినా అది సర్వేశ్వరునిదే గనుక, దానికి విశ్వాసి భయపడనక్కరలేదు.