పెట్టెలో ఉన్న ఫలితానికి మొక్కుకోవచ్చా?

ఈ వారం ఒక చిన్న ప్రశ్నతో మొదలుపెడదాం. అయిపోయిన పనికి ఫలితం మారాలని దేవుణ్ణి అడగొచ్చా?

2024 జూన్ 4 గుర్తుందా? రోహిణి కార్తె, రోళ్లు పగిలే ఎండ. అయినా మా మనుబోలులో టీకొట్ల ముందు, చెట్ల కింద జనం గుంపులుగా నిలబడే ఉన్నారు. ఒక్కో ఫోన్ చుట్టూ పది తలకాయలు. ఉదయం 8 గంటలకి పోస్టల్ బ్యాలెట్లు, ఆ తర్వాత ఈవీఎంలు, రౌండ్ల వారీగా. ప్రతి రౌండ్‌కి ముందు ఎవరో ఒకరు కళ్లు మూసుకుని, "స్వామీ, ఈసారికి గట్టెక్కించు, కొండకి నడిచొస్తా" అని దణ్ణం పెట్టుకోవడమే.

కానీ ఓట్లు వేసింది మే 13న. 22 రోజులుగా ఫలితం సీలు వేసిన పెట్టెల్లోనే ఉంది. మా సాఫ్ట్‌వేర్ భాషలో చెప్పాలంటే ప్రోగ్రామ్ ఎప్పుడో రన్ అయిపోయింది, ఔట్‌పుట్ స్క్రీన్ మీదకి రావడమే మిగిలింది.

మన పూజలో ఒక వరస ఉంది, గమనించారా? కోరిక చెప్పేది మొదట్లో, సంకల్పంలో. చివర్లో "శ్రీకృష్ణార్పణమస్తు" అని నీళ్లు వదిలేస్తాం. అంటే అడగడానికి ఒక సమయం, వదిలేయడానికి ఒక సమయం. ఓటుకీ అంతే. ఎవరు మంచివాళ్లు, ఊరికి ఏం కావాలి అని ఆలోచించడం మే 13కి ముందు చేయాల్సిన సంకల్పం. బటన్ నొక్కాక అది అర్పణం అయిపోవాలి. మనం మాత్రం పూజ అయ్యాక సంకల్పం చెప్పుకుంటున్నాం. పైగా కొందరు పందాలు కూడా కాస్తారు. అప్పుడిక చేసిన ఓటు కన్నా వచ్చే డబ్బే పెద్దదైపోతుంది.

"చెప్పడం తేలికే బాబూ" అంటారు. నిజమే. పింఛను మీద బతికే అవ్వకీ, సాగునీటి కోసం చూసే రైతుకీ, కాంట్రాక్టు ఉద్యోగికీ ఆ అంకెలు ఆట కాదు. వాళ్ల గుండె దడని తప్పుపట్టే హక్కు నాకు లేదు. గీత కూడా ఏమీ పోగొట్టుకోనివాడికి చెప్పింది కాదు. రెండు పక్కలా సొంతవాళ్లే నిలబడ్డ అర్జునుడికి చెప్పింది. మన వీధుల్లోనూ అంతే కదా, అన్న ఒక పార్టీ, తమ్ముడు ఒక పార్టీ.

అందుకే సమత్వం అంటే పట్టించుకోకపోవడం కాదని నాకు అనిపిస్తుంది. తేలిపోయినదాన్నీ, ఇంకా తేలనిదాన్నీ విడదీసి చూడటం. ఆ ఉదయం పెట్టెలో ఉన్నది తేలిపోయింది. తేలనిది ఒక్కటే: గెలిస్తే ఓడినవాడి ఇంటిముందు టపాసులు కాలుస్తామా? ఓడితే సొంతవాడితో మాట మానేస్తామా? ఇది చిన్న విషయం కాదండి. పోలింగ్ తర్వాత జరిగిన గొడవలు చూసి, ఫలితాలొచ్చాక కూడా 15 రోజులు 25 కంపెనీల కేంద్ర బలగాలని రాష్ట్రంలోనే ఉంచమని ఎన్నికల సంఘం చెప్పాల్సి వచ్చింది. మన మనసుకి మనం కాపలా పెట్టుకోకపోతే బయట తుపాకీ కాపలా పెట్టాల్సి వస్తుంది.

2019లో వైసీపీకి 151, టీడీపీకి 23. 2024లో టీడీపీకి 135, వైసీపీకి 11. మా సర్వేపల్లిలో వరసగా రెండుసార్లు గెలిచిన కాకాణి గోవర్ధన్ రెడ్డి గారి పార్టీ ఓడింది, సోమిరెడ్డి చంద్రమోహన్ రెడ్డి గారు గెలిచారు. అయిదేళ్లలో నవ్వే మొహాలు, ఏడ్చే మొహాలు చోటు మార్చుకున్నాయి. టీకొట్టు మాత్రం అదే. మర్నాడు పొద్దున అక్కడ నిలబడాల్సింది కూడా వాళ్లే, మనమే.

కాబట్టి మొక్కుకోండి, తప్పు లేదు. కాకపోతే "మావాడు గెలవాలి" అని కాకుండా, "ఏది వచ్చినా రేపు నా పక్కవాడి కళ్లలోకి చూసి పలకరించే బుద్ధి ఇవ్వు స్వామీ" అని అడగండి. ఆ ఫలితం ఇంకా ఏ పెట్టెలోనూ సీలు కాలేదు.

శ్రీకృష్ణార్పణమస్తు.