ఋత్విక్కు, యజమాని, అభిమాని

అమెరికా విశ్వవిద్యాలయాల బాస్కెట్‌బాల్ జట్లను నడిపించే కోచ్‌తో కుదిరిన ఒప్పందాన్ని గడువు ఇంకా మిగిలి ఉండగానే మరికొన్నేళ్లు పొడిగించడమూ, జట్టు ఓటమిబాట పట్టగానే అతణ్ణి తొలగించి మిగిలిన కాలానికి పరిహారం చెల్లించడమూ అక్కడ పరిపాటి అయిపోయాయి. పొడిగించినప్పుడూ, తొలగించినప్పుడూ కూడా అభిమానులు మండిపడతారు. ఆ కోపాన్ని ఆటపిచ్చి కింద కొట్టిపారేసేవారే ఎక్కువ. అయితే దుఃఖం కలగడానికి నష్టం ఒక్కటే చాలు గాని, కోపం రావడానికి తనకో తనవారికో తగని అవమానం జరిగిందన్న నమ్మిక కావాలని అరిస్టాటిల్ ఏనాడో గుర్తించాడు. ఏ ఒప్పందం మీదా సంతకం చేయని, బరిలో దిగని, జీతం పుచ్చుకోని అభిమానికి జరిగిన అన్యాయం ఏమిటన్నది అందువల్ల తత్త్వవిచారణకు తగిన ప్రశ్నే.

కనెక్టికట్ విశ్వవిద్యాలయంలో జరిగిన ఉదంతం దీనికి మంచి ఆధారం. అక్కడే చదివి ఆ జట్టుకే ఆడిన కెవిన్ ఓలీ, తన గురువు జిమ్ కాల్హూన్ 2012లో పదవీ విరమణ చేయగా కోచ్ అయ్యాడు. ఆటగాళ్ల చదువు నిర్ణీత ప్రమాణాన్ని అందుకోనందున 2013 జాతీయ టోర్నమెంటుకు దూరమైన ఆ జట్టు, మరుసటి ఏడే ఫైనల్లో కెంటకీని 60–54తో ఓడించి జాతీయ విజేతగా నిలిచింది. విజయం తరువాత ఓలీ ఒప్పందాన్ని పొడిగించారు. కాని 2016–17లో జట్టు 16 ఆటలు గెలిచి 17 ఓడింది. ఆ పై సీజనులో 14 గెలిచి 18 ఓడింది. 2018 మార్చిలో ఓలీని తొలగించారు. నియమాల ఉల్లంఘనను కారణంగా చూపి, ఒప్పందం ప్రకారం అతనికి రావలసిన కోటి డాలర్లకు పైబడిన మొత్తాన్ని విశ్వవిద్యాలయం ఇవ్వనన్నది. అధ్యాపక సంఘపు సామూహిక ఒప్పందం కల్పించే రక్షణను ఓలీ ఆశ్రయించాడు. 2022 జనవరిలో మధ్యవర్తి అతనికి సుమారు 1.11 కోట్ల డాలర్లు చెల్లించాలని తీర్పు ఇచ్చాడు. ఉల్లంఘన ఆరోపణ కల్పితం కాదు, కళాశాల క్రీడల జాతీయ సంఘం 2019లో ఓలీపై చర్య తీసుకుంది కూడా; అయినా జట్టు గెలుస్తూ ఉంటే అదే కారణం చూపి అతణ్ణి పంపించి ఉండేవారా అన్న ప్రశ్న మాత్రం అలాగే నిలిచి ఉంది.

ఒకరు చేసిన పనికి మరొకరు ఎలా ఫలభోక్త అవుతారన్న విషయాన్ని మన దర్శనాల్లో అన్నిటికన్నా సూక్ష్మంగా తరచినది పూర్వమీమాంస, అంటే వేదవిహితమైన కర్మల స్వరూపాన్ని నిర్ణయించే శాస్త్రం. యాగంలో మంత్రాలు చదివేదీ ఆహుతులు వేసేదీ ఋత్విక్కులే అయినా, స్వర్గాది ఫలం మాత్రం యాగాన్ని సంకల్పించి ద్రవ్యాన్ని త్యాగం చేసిన యజమానికి చెందుతుంది. ఋత్విక్కుకు దక్కేది దక్షిణ; ఆ దక్షిణను మీమాంసకులు పరిక్రయంగా, అంటే ఒక నిర్ణీత కార్యం కోసం ఒకరి సేవను కొనుక్కోవడంగా వివరించారు. ఈ నియమానికి ఒక మినహాయింపు ఉంది. 12 రోజులూ అంతకు మించీ సాగే సత్రయాగంలో ఋత్విక్కులే యజమానులు. సంకల్పమూ ఫలమూ అందరివీ అయినందువల్ల అక్కడ దక్షిణ ప్రసక్తి లేదు, ఎవరి సేవను వారే కొనుక్కోలేరు గనుక.

కళాశాల క్రీడ తనను తాను సత్రంగా చెప్పుకుంటుంది, పరిక్రయంగా నడుస్తుంది. విద్యార్థి, పూర్వవిద్యార్థి, ఆ ఊరివాడు, ఆ రాష్ట్రంవాడు అందరూ ‘మనం గెలిచాం’ అనుకోవడం మీదే దాని మనుగడ ఆధారపడి ఉంది. టిక్కెట్లూ విరాళాలే గాక చాలా ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో విద్యార్థులు కట్టే రుసుములోనూ కొంత భాగం క్రీడావిభాగానికి చేరుతుంది, కనుక అటువంటి చోట చేరిన తెలుగు విద్యార్థి కూడా ఒక్క ఆటైనా చూడకుండానే అందులో భాగస్వామి అవుతాడు. సంకల్పంలోనూ ద్రవ్యత్యాగంలోనూ జయాపజయాల అనుభవంలోనూ అభిమానికి పాలు ఉంది. కోచ్ అనే ఋత్విక్కును వరించడంలో గాని, అతని దక్షిణను నిర్ణయించడంలో గాని, అతణ్ణి సాగనంపడంలో గాని ఏ పాలూ లేదు. యజమాని బాధ్యతలన్నీ మోపి యజమాని అధికారం ఇవ్వకపోవడమే అతనికి జరిగిన అన్యాయం. 2021లో ఇండియానా విశ్వవిద్యాలయం కోచ్ ఆర్చీ మిల్లర్‌ను తొలగించినప్పుడు కోటి డాలర్ల పైచిలుకు పరిహారాన్ని సమకూర్చినది ప్రైవేటు దాతలు. అసలు యజమానులెవరో అప్పుడు బయటపడింది.

పొడిగింపు వెనక కారణం లేకపోలేదు. జట్టులోకి రావాలనుకునే పదిహేడేళ్ల కుర్రవాడూ, అతని తల్లిదండ్రులూ మొదట అడిగేది ఈ కోచ్ మరో నాలుగేళ్లు ఉంటాడా అని. ఒప్పందం గడువు దగ్గరపడిందంటే, పోటీ విశ్వవిద్యాలయాలవారు ఆ మాటే చెప్పి కుర్రవాణ్ణి తమవైపు తిప్పుకుంటారు. అందుచేత కోచ్‌పై నమ్మకం ఉన్నా లేకపోయినా, ఉన్నట్టు కనబడడానికి ఒప్పందాన్ని పొడిగిస్తారు. ఇష్టం తీరిపోయాక కూడా కట్టిపడేయడమే వాగ్దానానికి ప్రాణం. తప్పుకోవడానికి ఎంత కట్టాలో ముందే రాసుకున్న మాటకు వెల ఉంటుంది గాని ఆ ప్రాణం ఉండదు. కెంటకీ విశ్వవిద్యాలయం 2019లో తన కోచ్ జాన్ కాలిపారికి సుదీర్ఘ ఒప్పందం ఇచ్చింది. 2024లో జట్టు తొలి రౌండులోనే ఓక్లండ్ చేతిలో ఓడి అభిమానులు భగ్గుమన్నప్పుడు, మూడు కోట్ల డాలర్లు దాటిన పరిహారం తొలగింపునకు పెద్ద అడ్డంకిగా నిలిచింది. కొన్ని వారాలకే కాలిపారి తానే ఆర్కన్సాకు వెళ్లిపోయాడు.

పైగా ఏ ఫలాన్ని చూసి పొడిగిస్తున్నారన్నదీ ఆలోచించవలసినదే. నేడు ముగిసిన యాగానికీ ఎప్పుడో రాబోయే ఫలానికీ నడుమ నిలిచే కంటికి కనబడని శక్తిని మీమాంసకులు అపూర్వం అన్నారు. ఆటలోనూ నేటి ఫలం వెనక నిన్నటి కృషి ఇలాగే కనబడకుండా ఉంటుంది. కనెక్టికట్ 2014 విజయానికి సారథి అయిన షబాజ్ నేపియర్‌ను జట్టులోకి తెచ్చినది కాల్హూన్. ఆ ఫలంలో ఓలీ కృషి ఎంత, పూర్వాచార్యుని కృషి ఎంత అన్నది తేల్చకుండానే మొత్తం ఓలీ ఖాతాలో వేశారు. ఓటములు వచ్చినప్పుడూ అదే తొందరపాటు.

ఈ తొందరపాటులో అభిమానికీ భాగముంది. ఒక్క ఓటమితో ఇంటిదారి పట్టించే టోర్నమెంటులో, 40 నిమిషాల ఆట చూసి ఒక మనిషి యోగ్యతను తేల్చేయడం, ఆ కోపంతో అతని కుటుంబాన్ని కూడా నిందించడం అధర్మం. ఫలాసక్తి విడవమని గీత చెప్పిన మాటను అభిమానికి వినిపించడం సులువే గాని, అది కర్తకు చెప్పిన మాట. అభిమాని కర్త కాడు, కర్తృత్వంలో వాటా నిరాకరింపబడినవాడు. దక్షిణ పుచ్చుకున్న ఋత్విక్కు మీద అతడు కోపగించుకోవడంలో న్యాయం లేదు. పొడిగింపుపై సంతకం పడకముందే తొలగింపు వెల ఎంతో, దాన్ని ఎవరు భరిస్తారో బహిరంగంగా చెప్పాలని విశ్వవిద్యాలయ పాలకమండలిని నిలదీసే హక్కు అతనికి పూర్తిగా ఉంది. ఓలీకి ముట్టిన డబ్బు మాత్రం న్యాయంగా ముట్టవలసినదే.