భాగము మారినను వస్తువు అదియేనా?

పాడైన వస్తువును బాగుచేయుట మంచిపనియని అందరును ఒప్పుకొందురు. అయితే అరిగిన భాగములను ఒక్కొక్కటిగా తీసివేసి క్రొత్తవి అమర్చుచు పోయినయెడల, తుదకు మిగిలినది మొదటి వస్తువేనా? ఇది తత్త్వవేత్తల వినోదము మాత్రమే కాదు. సత్యము పలుకుట అను ధర్మము ఇందులో ఇమిడియున్నది.

1957లో ఇంగ్లండులో ‘స్కేలెక్స్‌ట్రిక్’ అను ఆటకార్లు వెలువడినవి. బాటలోని సన్నని గాడి వెంబడి, లోహపు పట్టీలనుండి విద్యుత్తు నందుకొని, ఆ చిన్న కార్లు పరుగెత్తును. 1963లో అమెరికాలోని అరోరా కంపెనీ అంతకంటె చిన్నవైన ‘థండర్‌జెట్’ కార్లను తెచ్చెను. వాటి మోటారు అట్టువలె బల్లపరుపుగా నుండును. తీగచుట్టలుగల ఆర్మేచరు అడుగున కమ్యుటేటరు అను రాగి బిళ్ళ మూడు ముక్కలుగా నుండును. కందిగింజకంటె చిన్నవైన రెండు బ్రష్షులు దానిని తాకుచు విద్యుత్తును అందించుచుండును.

బ్రష్షు రాగికంటె మెత్తనైనది. రాగి నిలుచుటకై తాను అరుగవలెననియే అది చేయబడినది. దానిని సకాలమున మార్చనియెడల కమ్యుటేటరు గీచుకొనిపోవును. స్ప్రింగు ఒత్తిడి తక్కువైన నిప్పురవ్వలు లేచును. ఎక్కువైన వేడి పుట్టి అరుగుదల హెచ్చును. కావున పాత కార్లను ప్రేమించువారు భూతద్దమును, సన్నని పట్టకారును చేతబట్టి ఓపికతో ఈ పని చేయుదురు.

ఈ నియమము ఆటబొమ్మలకే పరిమితమైనది కాదు. కలకత్తాలోని గార్డెన్ రీచ్ 1955 నుండి ఆగ్నేయ రైల్వేకు కేంద్రస్థానము. వాల్తేరు డివిజను 2003 వరకు దాని పాలనలోనే యుండెను గనుక ఈ పేరు ఉత్తరాంధ్ర రైల్వే కుటుంబములకు సుపరిచితము. పాత విద్యుత్ ఇంజనులను లాగిన మోటారులలోను కమ్యుటేటరు, కార్బన్ బ్రష్షులు ఉండెను. బ్రష్షు మార్చినందున ఇంజను వేరొకటి ఆయెనని ఎవరును అనలేదు.

గార్డెన్ రీచ్‌లోనే నౌకా నిర్మాణశాల గలదు. నౌక అనగానే ప్లూటార్కు వ్రాసిన థీసియసు ఓడ జ్ఞాపకమునకు వచ్చును. ఏథెన్సువారు చివికిన పలకలను మార్చుచు దానిని భద్రపరచిరి. అది అదే ఓడయా కాదా యని జ్ఞానులు వాదించిరి. తీసివేసిన పాత పలకలన్నిటితో మరియొక ఓడను కూర్చినయెడల ఏది అసలుదని 17వ శతాబ్దమున హాబ్స్ ప్రశ్నించెను. గార్డెన్ రీచ్‌లో నిర్మింపబడిన ‘అజయ్’ 1961లో నౌకాదళమునకు అందెను. అదే పేరుతో 1990లో ప్రవేశించిన వేరొక నౌక 2022లో సేవ విరమించెను. అచ్చట పేరు నిలిచెను, ఓడ మారెను. ఏథెన్సులోనైతే పలకలు మారెను, ఓడ నిలిచెనని అనేకులు తలంచిరి.

కావున ఉత్తరము మన ప్రశ్ననుబట్టి యుండును. కారు పరుగెత్తవలెనని కోరువానికి క్రొత్త బ్రష్షు లోటు కాదు. మార్చబడుట బ్రష్షు స్వభావమే. అయితే 1963 నాటి పనితనమునకు సాక్ష్యముగా దానిని కొనువానికి ప్రతి పాత భాగమును ఒక సాక్షియే. అతనికి క్రొత్త ఆర్మేచరు సంగతి దాచి, అంతయు అసలుదేయని అమ్మువాడు అబద్ధసాక్ష్యము పలుకుచున్నాడు. వస్తువు ఎంత చిన్నదైనను అబద్ధము చిన్నది కాదు. మార్చినదేదో చెప్పుట, తీసిన భాగమును చిన్న పొట్లములో కట్టి వస్తువుతోకూడ ఇచ్చుట నమ్మకమైన పనివాని లక్షణము.

మరి మనుష్యుని సంగతియేమి? మన దేహములోని పదార్థము ఎడతెగక మారుచున్నను, బాల్యమున వాగ్దానము చేసినవాడే వార్ధక్యమున దానికి బాధ్యుడు. పునరుత్థానమును వివరించుచు అగస్టీను ఒక ప్రతిమను ఉదాహరించెను. కరిగిన ప్రతిమను శిల్పి మరల పోతపోసినప్పుడు, ఏ రేణువు ఏ అవయవమునకు చేరినదన్నది ముఖ్యము కాదు. మొదటి లోహమంతయు చేరి ప్రతిమ సంపూర్ణమగుటయే ముఖ్యము. అట్లే మన నిలుకడ మన అణువుల లెక్కలో గాక, మనలను ఎరిగిన నిర్మాణకుని చేతిలో నున్నది.

ఇందువలన ఒక హెచ్చరికయు కలుగుచున్నది. ఉద్యోగి విరమించినప్పుడు అతని స్థానమున మరియొకడు వచ్చును, స్థానము నిండును. కాని మనుష్యుడు అరిగిన బ్రష్షు కాడు. సేవచేయ శక్తిలేని వృద్ధుని కార్యాలయము మరచినను, కుటుంబమును సంఘమును మరువరాదు. యంత్రములో భాగమునకు విలువ దాని పనినిబట్టియే కలుగును. మనుష్యునికి విలువ పని ముగిసిన తరువాతను నిలిచియుండును.