తెలియనీయని మాధుర్యము

ఒక పానీయమును మెచ్చుకొనుటకు లోకములో పెక్కు మాటలు గలవు. చల్లగా నున్నదనవచ్చును, తియ్యగా నున్నదనవచ్చును, దప్పి తీర్చినదనవచ్చును. కాని గడచిన వేసవిలో అమెరికాదేశమున డాలస్ నగరమందు మా పినతండ్రి కుమారుని యింట మేము వినిన మెచ్చుకోలు వీనిలో నేదియును గాదు. మామిడిపండ్ల రసముతో చేసిన మార్గరీటాను గ్లాసులలో పోసి యతిథుల కందించుచు అతడు "అన్నయ్యా, ఇందులో మందున్నట్టు తెలియనే తెలియదు" అనెను. అక్కడ నున్నవారందరును నిజమేయని తలలూచిరి. ఆ మాట మాకు నాడు విశేషముగా తోచలేదు. ఆ రాత్రి జరిగిన సంగతినిబట్టి దానినే మరల మరల తలపోయవలసి వచ్చినది. తెలియకపోవుట పానీయమునకు గుణమా, దోషమా? గుణమే యైనచో ఎవరికి గుణము?

వస్తువు నెరుగని పాఠకులకొరకు ముందుగా నాలుగు మాటలు. మార్గరీటాకు మూలమైన టెకీలా మెక్సికోదేశపు మద్యము. మన రైలుకట్టల వెంబడిని, చేలగట్లమీదను కంచెగా పెరుగు కిత్తనారను చూడనివారుండరు. ఆ జాతిలోనిదే నీలికిత్తనార. హలిస్కో రాష్ట్రమునందును, మరి నాలుగు రాష్ట్రములలో నిర్ణయింపబడిన ప్రాంతములందును పెరిగిన నీలికిత్తనారనుండి అక్కడనే తీసినదానికి మాత్రమే టెకీలా యను పేరు చెల్లునని మెక్సికో ప్రభుత్వము శాసించినది. మన చిత్తూరు జిల్లాలో కిత్తనారనుండి మద్యము తీసి యమ్మినవారు గలరు గాని, దాని కాపేరు పెట్టుకొనుటకు వారికి వీలులేదు. మొక్క పక్వమగుటకు ఆరేడేండ్లు పట్టును. అప్పుడు హిమదోర్ అనబడు కోతగాడు పొడుగాటి పిడిగల గుండ్రని పారవంటి పనిముట్టుతో ఆకులన్నియు చెక్కివేయగా పెద్ద దుంప మిగులును. చూచుటకు అనాసపండువలె నుండును గనుక ఆ పేరుతోనే దానిని పిలుతురు. దానిని ఉడికించి, పిండి, పులియబెట్టి, రెండుమారులు బట్టీ పట్టుదురు. టెకీలా పట్టణము చుట్టునున్న యా తోటలను, పాతకాలపు బట్టీలను యునెస్కోవారు 2006లో ప్రపంచ వారసత్వ స్థలములలో చేర్చిరి. ఒక్క సీసా వెనుక ఇన్నేండ్ల పంటయు, ఇందరి చెమటయు నున్నవి. త్రాగనివారమైనను మేము దానిని తృణీకరింపలేకపోతిమి.

టెకీలాలో నారింజతొక్కల వాసనగల తియ్యని మద్యమును, నిమ్మరసమును కలిపి, గ్లాసు అంచున ఉప్పద్ది యిచ్చునదే మార్గరీటా. దీనిని మొదట కల్పించినది తామేయని చెప్పుకొన్నవారు పలువురు. ఆ తగవు నేటికిని తేలలేదు. అంగళ్లలో దొరకు ఆకుపచ్చని పులుపునీళ్లనిన మా తమ్మునికి రోత. అన్నియు నింటనే చేయవలెను. అతని వంటింటి బల్లపై గాజుజాడీలు వరుసగా నుండెను. ఒకదానిలో అనాసముక్కలు, ఒకదానిలో హాలపేన్యో యను పచ్చిమిరపకాయలు, మరియొకదానిలో మన యెఱ్ఱగోంగూర జాతికి చెందిన మొక్క ఎండు పూరేకలు, అన్నిటను టెకీలా. పీపాలలో మాగబెట్టినది గాక రంగులేనిదే యిందుకు తగునట. మిరపకాయకు కొన్ని గంటలు చాలును. మరునాటిదాక నుంచినచో నోట పెట్టజాలము. మిరప కారము నీటిలో సరిగా కరగదు, మద్యములో త్వరగా కరగును. అనాసకు నాలుగైదు దినములు కావలెను. నారింజతొక్క వేయునపుడు లోపలి తెల్లని పొర రాకుండ చెక్కవలెను, లేనిచో చేదెక్కును. ముక్క పైకి తేలరాదు, జాడీకి వెలుతురు తగులరాదు, దినమున కొకమారు కదపవలెను, రుచి చూచి గుడ్డలో వడకట్టవలెను. ఆవకాయ పెట్టు నేర్పరురాలు జాడీని ఎట్లు కనిపెట్టుకొనియుండునో అతడును అట్లే యుండెను. పద్ధతి వేరైనను పండ్ల యొక్కయు పూవుల యొక్కయు సారమును మద్యమున నిలుపుట మన పూర్వులకు తెలియనిది గాదు. చరకసంహిత సూత్రస్థానమున ఎనుబదినాలుగు ఆసవములు చెప్పబడియున్నవి. కావున ఆ జాడీలను చూచి మేము ముక్కు మూసుకొనలేదు. నిజము చెప్పవలెననిన ముచ్చటపడితిమి.

ఇంతవరకు చదివిన పాఠకులలో కొందరికి కోపము వచ్చియుండును. సుర త్యాజ్యమని చెప్పక, దానిని ఊరవేయు విధము వర్ణించుట సంస్కరణమా యని వారడుగుదురు. 1992లో నెల్లూరుజిల్లా దూబగుంట స్త్రీలు సారాపై లేచిన సంగతి మేము మరువలేదు. వారి పట్టుదలచేతనే 1993లో సారా నిషేధింపబడినది; 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధము వచ్చినది; 1997లో అది సడలిపోయినది. మద్యము విషయమున నిరపాయమైన పరిమాణమనునది లేదని ప్రపంచ ఆరోగ్యసంస్థ యూరపు శాఖవారు 2023 జనవరిలో ప్రకటించిరి. ఈ రెంటికిని మేము ఎదురాడము. కాని ఒక్క సంగతి గమనింపుడు. దూబగుంట సారాకు దుర్గంధముండెను. త్రాగినవాడు తాను త్రాగినది సారాయని యెరుగును, వాని భార్య వీధి చివరనుండియే యెరుగును. అది కొంపలు కూల్చినది గాని, ఎవరిని ఏమార్చలేదు. ఆ సారా పోవలెనని నాడు చప్పట్లు కొట్టిన చదువుకొన్న కుటుంబములలో నేడు అద్దాల బీరువాలు వెలసినవి. వానిలోని వస్తువున కున్న విశేషమెల్ల, దుర్గంధము పోయి పరిమళము వచ్చుటయే. అది గొప్ప అభివృద్ధి యని మేమనుకొనలేకున్నాము.

ఇక ఆ రాత్రి సంగతి. తమ్ముని మామగారు కూతురిని చూచిపోవుటకు స్వదేశమునుండి వచ్చియుండిరి. డెబ్బది దాటినవారు, జన్మలో మద్యము నంటి యెరుగరు. ఎండ చల్లారని సాయంకాలము. పెరటిలో పదిమంది చేరిరి. "మామయ్యగారూ, ఇది మామిడిరసమే నండి, ఏదో కొంచెము వేశాను" అని తమ్ముడు గ్లాసందించెను. కొంచెమే గదాయని ఆయన పుచ్చుకొనిరి. రుచిగా నుండెను, దాహముగా నుండెను, రెండవది, మూడవది యడిగి పుచ్చుకొనిరి. మేము ప్రక్కనే కూర్చుండియుంటిమి. కొలగ్లాసుతో పోసిన దెంతయో వంటింటిలో కన్నులార చూచినవారము మేము. రెండుమారులు చెప్పబోయి మానుకొంటిమి. పెద్దవారికి త్రాగుడును గూర్చి హెచ్చరిక చేయుటయా యని యొక సంకోచము. నలుగురిలో గృహస్థును చిన్నబుచ్చుటయా యని మరియొకటి. ఆయన లోపలికి పోవ లేచి, రెండే మెట్లున్న చోట తూలిపడిరి. కుడి మణికట్టు ఎముక విరిగెను.

వైద్యశాలలో నడిరేయి వైద్యుడు "మద్యమేమైన త్రాగితిరా? ఎంత?" అని యడిగెను. నొప్పి కేమందు ఎంత యీయవచ్చునో ఆ సమాధానమును బట్టి యుండును. ఆయన నిండు విశ్వాసముతో "నేను త్రాగలేదు; పండ్లరసము పుచ్చుకొన్నాను" అనిరి. ఆయన అబద్ధమాడలేదు. ప్రక్కన నిలిచిన కూతురు తల వంచుకొనెను. తమ్ముడు ముందుకు వచ్చి లెక్క చెప్పెను.

ఆ లెక్క పాఠకులును వినదగినది. ఒక మార్గరీటాకు సాధారణముగా టెకీలా 50 మిల్లీలీటర్లు, నారింజ మద్యము 20, నిమ్మరసము 15. మొదటి రెండింటను నూటికి నలువది వంతులు సారము. అనగా గ్లాసున కిరువదియెనిమిది మిల్లీలీటర్ల శుద్ధమైన సారము. తూకమున సుమారు 22 గ్రాములు. ఆ దేశమున 14 గ్రాములను ఒక పానముగా లెక్కింతురు. కావున ఒక గ్లాసనిన ఒకటిన్నరకు మించిన పానము; మూడు గ్లాసులనిన ఐదుకు కొంచెము తక్కువ. జన్మలో త్రాగని వృద్ధుడు ఒక్క సాయంకాలమున ఐదు పానములు చేసి, పండ్లరసము పుచ్చుకొన్నానని నమ్మియుండెను.

ఇది యెట్లు సాధ్యమైనది? మద్యము నాలుకను తాకగనే చేదును, మంటయు కలుగును. ఆ రెండును ద్వారపాలకులు. మార్గరీటాలో ఒక్కొక్క వస్తువు ఒక్కొక్క ద్వారపాలకుని నిద్రపుచ్చుచున్నది. తీపి చేదును కప్పును. అంచునున్న ఉప్పు మిగిలిన చేదును అణచును. మంచు నాలుకను మొద్దుబార్చును. మిరపకాయ వేసినచో మద్యపు మంట మిరప మంటలో కలిసిపోవును. ఈ డాలస్ నగరముననే 1971లో మరియానో మార్టినెజ్ అను భోజనశాలాధిపతి, ఐస్‌క్రీము తీయు యంత్రమును మార్చి మార్గరీటాను మంచుముద్దగా తీయు యంత్రమును చేసెను. నేడది వాషింగ్టనులోని స్మిత్సోనియన్ ప్రదర్శనశాల సొత్తు. పిల్లల తినుబండారము తీయు యంత్రమునుండి పెద్దల మద్యము వచ్చుట చరిత్రకారులకు వింతయే. మాకు మాత్రము కొంచెము జంకు కలిగినది.

అయినచో రుచి మార్చుటయే తప్పా? కాకరకాయ కూరలో బెల్లము వేయని యిల్లున్నదా? చేదుమందును తేనెలో రంగరించి తల్లి బిడ్డకు పెట్టదా? ఈ యాక్షేపణ బలమైనది. మేమును కొన్నాళ్లు దీనికి లొంగియుంటిమి. కాని కాకరకాయ చేదు తెలియకపోయినంత మాత్రమున తినువానికి వచ్చు హాని లేదు. మందు విషయమున మోతాదు చూచుకొనునది తల్లి. బిడ్డ తన నాలుకను నమ్ముకొని మరియొక గరిటె యడుగడు. మద్యము విషయమున నెంత చాలునో తీర్పు చెప్పవలసినవాడు త్రాగువాడు. వానికున్న సాక్షి వాని నాలుక యొక్కటే. పైగా మొదటి గ్లాసు లోపలికి పోయిన పిమ్మట తీర్పరి బుద్ధియే మందగించును. సాక్షి నోరు మూసినవాడు ఆ సాక్ష్యమును తానే చెప్పవలెను. తమ్ముడు "తెలియనే తెలియదు" అని మెచ్చుకొనిన నేర్పు ఎంత గొప్పదో, "ఇంత యున్నది" అని చెప్పవలసిన బాధ్యత అంత గొప్పది. "ఏదో కొంచెము" అనునది కొలత గాదు.

ఆదిపర్వమున కచుని కథను మేము ఏటేట తరగతిలో చెప్పుచున్నాము. రాక్షసులు కచుని కాల్చి ఆ బూడిదను సురలో కలిపి శుక్రాచార్యుని చేత త్రాగించిరి. ఆయన తెలియక త్రాగెను. మెలకువ కలిగిన పిదప సురాపానమును నిషేధించుచు శాసనము చేసెను. ఈ కథను చెప్పి, మద్యము చెడ్డదని పాఠము ముగించుట మా వాడుక. వైద్యశాలలో కూర్చున్న రాత్రి మాకు వేరొకటి తోచినది. శాసనము త్రాగువారిని గూర్చి పుట్టినది గాని, కలిపినవారిని గూర్చి గాదు. గురువు పాత్రలో నున్న దేమో కలిపినవానికి తెలియును, త్రాగినవానికి తెలియదు. అసలు దోషమక్కడ నుండగా ఇన్నేండ్లును మేము పిల్లలకు సగము కథయే చెప్పితిమేమో. మరి చూచుచు ఊరకున్నవాని సంగతి? అట్టివాని పాత్ర కథలో లేదు. పెరటిలో మాత్రము ప్రక్క కుర్చీలోనే యుండెను.

మరునాడు తమ్మునితో ఈ మాటయే యంటిమి. అతడు నొచ్చుకొని "అన్నయ్యా, వచ్చినవారి కందరికీ కొలతలు చెప్పి యిస్తే అది యిల్లా, మందులషాపా?" అనెను. మేము బదులుగా మన పంక్తిభోజనమును గుర్తుచేసితిమి. కొరివికారము వడ్డించు ఇల్లాలు "కారం బాబూ, చూసి కలుపుకో" అని చెప్పక విస్తరిలో వేయదు. అది తన చేతివంటకు అవమానమని ఆమె యనుకొనదు, తినువాడును అనుకొనడు. వడకట్టిన పిమ్మట మిగిలిన అనాసముక్కల మాటయు నెత్తితిమి. అవి మద్యము పీల్చుకొనియుండును. నాడవి పిల్లలకందు బల్లపై గిన్నెలో నుండెను. అతని ముఖము పాలిపోయెను. నిమ్మకాయ పిండిన చేతితో ఎండలో నిలిచినచో చర్మము బొబ్బలెక్కునని నాటి సాయంకాలము అతిథులందరికిని ఒక్కొక్కరికే చెప్పినవాడతడు! చేతి తోలునకు జాగ్రత్త చెప్పుట తోచినవానికి లోపలికి పోవుదానిని గూర్చి చెప్పుట తోచలేదు. దుర్మార్గుడు గాడు. పొగడ్త రుచి యట్టిది.

మేము తిరిగివచ్చిన రెండు నెలలకు తమ్ముడొక ఛాయాపటము పంపెను. బల్లపై జాడీలు పూర్వమువలెనే యున్నవి. ఒక్కొక్కదానికి కాగితపు చీటీ అంటించి తెలుగున వ్రాసియున్నది: "మామిడి: గ్లాసుకు ఒకటిన్నర పానము." "అనాస: ముక్కలు పారవేయవలెను." చివర వేరుగా మరియొక జాడీ, మామిడిరసము, నిమ్మరసము, వేయించిన జీలకఱ్ఱపొడి, ఉప్పు, దానిపై "ఇందులో లేదు" అని పెద్ద అక్షరములు. ప్రక్కన కట్టు విప్పిన చేతితో గ్లాసు పట్టుకొని మామగారు నవ్వుచున్నారు. ఏ జాడీలోనిదో పటమున తెలియరాలేదు. మేమడుగలేదు.