అన్నం మీద అలిగిన మనవరాలికి

పద్మనాభం గ్రామం



రాత్రిపూట అన్నం మానేశావనీ, పొద్దున్నే గోరువెచ్చని నీళ్ళలో నిమ్మకాయ పిండుకు తాగి కాలేజీకి వెళ్ళిపోతున్నావనీ మీ అమ్మ చెప్పింది. ఎందుకే అని అడిగితే "లావైపోతున్నాను" అన్నావట. ఫోన్లో చెబితే "సరేలే అమ్మమ్మా" అని పెట్టేస్తావు. ఉత్తరమైతే ఇప్పుడు కాకపోయినా తీరిక దొరికినప్పుడు చివరిదాకా చదువుతావని రాస్తున్నాను. బడిలో జీవశాస్త్రం చెప్పి రిటైరైనదాన్ని కదా, అక్కడక్కడా పాఠంలా అనిపిస్తే ఓర్చుకో.

నేను చెప్పదలుచుకున్నది ఒక్కటే తల్లీ. ఒళ్ళనేది నువ్వు బతకడానికి ఉంది, నలుగురూ మార్కులు వెయ్యడానికి లేదు. దానికి ఎంత తిండి పెట్టాలో అద్దాన్ని అడిగితే తప్పుడు జవాబే వస్తుంది.

ముందు నీ వయసు సంగతి చెబుతాను. ఆడపిల్ల ఈడేరే రోజుల్లో తుంటి దగ్గర, తొడల దగ్గర కొవ్వు చేరడం ప్రకృతి చేసే పని. అది జబ్బూ కాదు, నీ బద్ధకమూ కాదు. ఎముకల్లో చేరవలసిన గట్టిదనంలో దాదాపు 90 శాతం ఆడపిల్లలకు పద్దెనిమిదేళ్ళు నిండేలోపే చేరిపోతుంది. ఆ తర్వాత ఎంత పాలు తాగినా, ఎన్ని మాత్రలు మింగినా కలిసేది కొంచెమే. అంటే నువ్వు ఈ రెండు మూడేళ్ళూ తినే తిండి మీదే నా వయసుకి నువ్వు ఎలా నడుస్తావన్నది ఆధారపడి ఉంది. పదహారేళ్ళప్పుడు కడుపు మాడ్చుకుంటే ఆ లోటు అరవై ఏళ్ళప్పుడు బయటపడుతుంది. నెలసరి తప్పడం, జుట్టు రాలడం, క్లాసులో కళ్ళు తిరగడం లాంటివి మాత్రం అంతదాకా ఆగవు, ఇప్పుడే వస్తాయి.

ఇక నువ్వు లావన్న మాట ఎక్కడ పుట్టిందో చూద్దాం. మన వాళ్ళకి పలకరింపే అలా అలవాటైంది. పెళ్ళిలో కనిపిస్తే చదువెలా ఉందని అడగరు. "ఏమ్మా, ఇలా చిక్కిపోయావు?" అనో, "బాగా ఒళ్ళు చేశావే!" అనో అంటారు. కరువులు చూసిన కుటుంబాల్లో ఒళ్ళు చెయ్యడం సుఖానికి గుర్తు, చిక్కడం కష్టానికి గుర్తు. ఆ రోజుల్లో ఆ పలకరింపులో ప్రేమ ఉండేది. కొలత మారిపోయాక కూడా నోటికి ఆ అలవాటు పోలేదు. 1957లో 'మాయాబజార్' విడుదలైనప్పుడు నిండుగా ఉన్న సావిత్రిని చూసి రాష్ట్రమంతా మురిసింది. అలాంటి ఒళ్ళే నీకుంటే ఈ రోజు డైటింగ్ చెయ్యమంటారు. అందం కొలత అరవై డెబ్బయి ఏళ్ళలో ఇంత మారింది. మనిషి ఎముక, కండ, ఆకలి మాత్రం అప్పటివే. మారే కొలత వెంట మారని ఒంటిని పరుగెత్తించడం ఎవరి వల్లా కాదు.

ఇది మన దగ్గరే జరిగిందనుకోకు. పసిఫిక్ సముద్రంలో ఫిజీ దీవులున్నాయి. అక్కడివాళ్ళకి బొద్దుగా ఉండడమే అందం, ఇంటికొచ్చినవాళ్ళకి కడుపునిండా పెట్టడమే మర్యాద. అక్కడ నద్రోగా అనే ప్రాంతానికి 1995లో టీవీ వచ్చింది. మూడేళ్ళ తర్వాత, 1998లో, హార్వర్డ్ పరిశోధకురాలు ఆన్ బెకర్ బడి అమ్మాయిల్ని అడిగితే, సన్నబడడానికి తిన్నది కక్కేస్తున్నామని నూటికి 11 మంది చెప్పారు. టీవీ కొత్తగా వచ్చినప్పుడు ఆమె అడిగితే అలా చెప్పినవాళ్ళు ఒక్కరూ లేరు. ఈ మధ్యలో ఆ పిల్లల ఒళ్ళేమీ మారిపోలేదు. చూసే బొమ్మలు మారాయి.

నీ చేతిలో ఉన్న ఫోను ఆ టీవీకి పెద్దన్న. టీవీలో నలుగురు తారలు కనిపించేవారు. ఇందులో నీ క్లాసు పిల్లలే ముఖం నున్నగా, నడుము సన్నగా దిద్దుకుని కనిపిస్తారు. ఇన్‌స్టాగ్రామ్ వల్ల తమ ఒంటి మీద తమకున్న అసంతృప్తి ముదురుతోందని ముగ్గురు టీనేజీ అమ్మాయిల్లో ఒకరికి అనిపిస్తున్నట్టు ఆ కంపెనీ సొంత పరిశోధనలోనే తేలింది. ఆ కాగితాలు 2021లో బయటికొచ్చాయి. నార్వేలో 2022 నుంచి ఒంటి ఆకారం దిద్దిన ప్రకటన ఫొటోల మీద ఆ సంగతి రాసి తీరాలని చట్టం ఉంది. మనకి అలాంటి చట్టం లేదు కాబట్టి ఆ మాట నువ్వే మనసులో రాసుకోవాలి.

ఇప్పుడు మన ఉత్తరాంధ్ర ఆడపిల్ల కథ ఒకటి చెబుతాను. శ్రీకాకుళం జిల్లా ఆమదాలవలస దగ్గర ఊసవానిపేటలో పెరిగిన కరణం మల్లీశ్వరి 1994లో, 1995లో వెయిట్‌లిఫ్టింగ్ 54 కిలోల విభాగంలో ప్రపంచ విజేత. 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌కి వెళ్ళేసరికి ఆమె 69 కిలోల విభాగానికి మారింది. బరువు పెరిగింది, ఇక పని అయిపోయింది అని పత్రికల్లో రాసినవాళ్ళున్నారు. సెప్టెంబరు 19న ఆమె స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జెర్క్‌లో 130, మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చింది. ఒలింపిక్ పతకం గెలిచిన మొదటి భారతీయ మహిళ అయింది. ఆమె వెనకే మన పొరుగున విజయనగరం జిల్లా కొండవెలగాడ నుంచి మత్స సంతోషి వచ్చింది. 2014 గ్లాస్గో కామన్వెల్త్ క్రీడల్లో 53 కిలోల విభాగంలో పతకం గెలిచింది. ఈ ఇద్దరి ఒళ్ళూ ఫ్యాషన్ పత్రికల కొలతలకి సరిపోవు. ఏం ఎత్తగలవో చూసుకుని పెంచుకున్న ఒళ్ళు అవి.

నువ్వు ఫోన్లో లెక్కేసుకుంటున్న బీఎంఐ గురించి కూడా రెండు మాటలు. బరువుని ఎత్తు వర్గంతో భాగించే ఈ లెక్క 19వ శతాబ్దంలో బెల్జియం దేశపు గణాంక శాస్త్రవేత్త క్వెట్లె వేసింది. ఆయన వైద్యుడు కాదు. జనాభా సగటు ఎలా ఉందో చూడడానికి వేసిన లెక్క అది. కండ ఎంతో, కొవ్వు ఎంతో అది చెప్పదు. పైగా పెద్దవాళ్ళకి పెట్టిన హద్దులు నీ ఈడు పిల్లలకి వర్తించవు. వయసుని బట్టి వేరే పట్టికలుంటాయి. వాటిని చూసి చెప్పవలసింది డాక్టరు.

రక్తం సంగతి విను. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో 58.8 శాతం మందికి రక్తహీనత ఉంది. అదే సర్వేలో 36.3 శాతం మందికి బరువు ఎక్కువ. ఈ రెండూ ఒకే మనిషిలో ఉండొచ్చు. ఒళ్ళు బొద్దుగా ఉండి లోపల ఇనుము కరువైనవాళ్ళు మన వీధిలోనే ఉన్నారు. కాటా మీద అంకె తగ్గిందని సంతోషించే పిల్లకి రక్తం కూడా తగ్గి ఉండొచ్చు. బడిలో ఉన్నప్పుడు వారానికొకటి ఇచ్చే నీలం మాత్ర నువ్వు చేదని పారేసేదానివి. అది ఇనుము, ఫోలిక్ యాసిడ్ కలిసిన మాత్ర. ఒకసారి హిమోగ్లోబిన్ పరీక్ష చేయించుకో. బరువు కంటే ఆ అంకె నీకు పనికొస్తుంది.

అన్నం తింటే లావవుతావని ఎవరు చెప్పారో గానీ, మన తీరానికి అన్నం నేర్పిన అసలు పాఠం వేరే ఉంది. 20వ శతాబ్దం మొదటి సగంలో మన ఉత్తర సర్కారు జిల్లాల్లో బెరిబెరి జబ్బు బాగా ఉండేది. కాళ్ళు చచ్చుబడేవి, గుండె దెబ్బతినేది. దంపుడు బియ్యం పోయి మిల్లులో తెల్లగా పట్టిన బియ్యం వచ్చాక, తవుడుతో పాటు థయామిన్ అనే విటమిన్ వెళ్ళిపోవడమే దానికి కారణం. ఈ జబ్బు గుట్టు తేల్చడానికి 1918లో కూనూరులో చిన్న ప్రయోగశాల పెట్టారు. అదే పెరిగి పెద్దదై 1958లో హైదరాబాదుకి వచ్చింది. ఇప్పటి జాతీయ పోషకాహార సంస్థ అదే. తెలుపు మీద మోజు అన్నంలో సారం తీసేసింది. ఒంటి రంగు విషయంలోనూ ఆ మోజు మనల్ని వదల్లేదు. 1975 నుంచి అమ్మిన ఒక క్రీము పేరులోని 'ఫెయిర్' అన్న మాటని 2020లో తీసేశారు. మన మనసులోంచి తీసుకోవడం మన పనే. నీ చామనఛాయ మీ తాతయ్యది, మా అమ్మది. దాన్ని ఏ సబ్బుతోనూ దిద్దక్కర్లేదు.

ఆ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన సలహా చాలా సులువు. కంచంలో సగం కూరలు, ఆకుకూరలు, పళ్ళు ఉండాలి. మిగతా సగంలో అన్నమో చిరుధాన్యమో, పప్పు, గుడ్డో చేపో, పాలు సర్దుకోవాలి. దీనికి నువ్వు అవకాడోలు, ఓట్సు కొనక్కర్లేదు. మన మండలంలో పండిన ఆనపకాయ, వంకాయ, బెండకాయ తెల్లారేసరికి మీ విశాఖ సిటీ రైతుబజార్లో ఉంటాయి. తోటకూర పప్పు, మునగాకు వేపుడు, ఉలవచారు, భీమిలి నుంచి వచ్చే నెత్తళ్ళ పులుసు ఉన్నాయి. చోడి అంబలి ఉంది. వంద గ్రాముల చోళ్ళలో 340 మిల్లీగ్రాముల పైనే కాల్షియం ఉంటుంది. పేదవాళ్ళ తిండని చిన్నచూపు చూసిన ఆ చోళ్ళనే 2023లో ప్రభుత్వ బడుల్లో రాగిజావ చేసి పొయ్యడం మొదలుపెట్టారు. ఆకుకూర పప్పులో నిమ్మకాయ పిండుకుంటే ఇనుము ఒంటికి బాగా పడుతుంది. పరగడుపున పిండుకు తాగే కన్నా అక్కడ పిండుకో. అన్నం తిన్న వెంటనే టీ తాగితే ఆ ఇనుము సగం వృథా.

ఇలా చెప్పానని ఇంకో కొత్త నియమం పెట్టుకోకు. బీచ్‌లో మురీ మిక్చర్ తిన్న పాపానికి మర్నాడు ఉపవాసం చెయ్యక్కర్లేదు. పునుగులు, పిజ్జాలు రోజూ తిండి అయితేనే చిక్కు. పండక్కి అరిసె తింటూ "అయ్యో, ఎన్ని కేలరీలో" అని ఏడిస్తే అరిసె రుచీ పోతుంది, పండగా పోతుంది. ఆకలేస్తే తిను, నిండితే ఆపు, ఫోను చూస్తూ తినకు. ఇవి చాలు.

మీ అన్నయ్యకి కూడా ఈ ఉత్తరం చదివి వినిపించు. వాడి పిచ్చి ఇంకో రకం. జిమ్ములో ఎవరో చెప్పారని డబ్బాల్లో పొడి కొంటున్నాడట. బీచ్ రోడ్డులో విగ్రహంగా నిలబడ్డ కోడి రామమూర్తి నాయుడు వీరఘట్టంలో పుట్టి విజయనగరంలో కసరత్తు నేర్చాడు, ఏనుగుని రొమ్ము మీద ఎక్కించుకున్నాడు. ఆయన కాలంలో ఆ డబ్బాలు లేవు. గుడ్డులో ఆరు గ్రాముల మాంసకృత్తులున్నాయి, వంద గ్రాముల ఉలవల్లో ఇరవై పైనే. ఇక త్వరగా కండలొస్తాయని సూది మందు ఎవరైనా ఇవ్వబోతే పారిపోయి రమ్మను. స్టెరాయిడ్లు గుండెని, కాలేయాన్ని, మగతనాన్ని కూడా దెబ్బతీస్తాయి.

ఒళ్ళు కదిలించడం మాత్రం మానకు. అయితే అది తిన్నదానికి శిక్షగా ఉండకూడదు. సెలవులకి వచ్చినప్పుడు మన అనంత పద్మనాభస్వామి కొండ ఎక్కుదాం. వెయ్యికి పైగా మెట్లు. ఎన్ని కేలరీలు కరిగాయని లెక్కపెట్టకుండా, ఎక్కడ ఆగకుండా ఎక్కగలిగావో చూసుకో. పైనుంచి గోస్తనీ నదిని చూసి, కిందికొచ్చి ఆకలేస్తే కడుపునిండా తిను.

చివరగా ఒకటి. తిన్నది కక్కెయ్యాలనిపించినా, అద్దం చూస్తే ఏడుపొస్తున్నా, తిండి గురించిన ఆలోచనలే చదువుని మింగేస్తున్నా అది నీ మొండితనం కాదు, వైద్యం ఉన్న జబ్బు. దాచుకోకు. ముందు మీ అమ్మకి చెప్పు. ఇంట్లో చెప్పలేకపోతే టెలీ మానస్ నంబరు 14416కి ఫోను చెయ్యి. డబ్బులు కట్టక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడతారు. నీ స్నేహితురాలెవరైనా అలా నలిగిపోతుంటే ఆమెకీ ఆ నంబరు ఇవ్వు. ఎవరి ఒంటి గురించైనా నవ్వుతాలుకి కూడా మాట తూలకు. ఆ మాట ఎంత కాలం గుచ్చుకుంటుందో నీకు ఈపాటికి తెలిసే ఉంటుంది.

ఈ ఉత్తరం అందిన రోజు రాత్రి అన్నం తిను. పప్పు, కూర, పెరుగు వేసుకుని, సరిపడా తిను. తిన్నాక నాకు ఫోను చెయ్యి. ఎంత తిన్నావని అడగను. రుచిగా ఉందా అని మాత్రం అడుగుతాను.

ఆశీస్సులతో,
మీ అమ్మమ్మ