నియమము తప్పలేదు, అయినను



నియమము మీరనివాడు నిర్దోషియేనా? ఒక ఆటగాని జీవితము ఈ ప్రశ్నను మన యెదుట నిలుపుచున్నది.

అమెరికా ఫుట్‌బాల్ మన పిల్లలు కాలితో తన్నెడి ఆట కాదు. బంతిని చేతబట్టి పరుగెత్తువానిని ఎదుటి పక్షమువారు ఢీకొని పడవేయుదురు. ఒహాయో స్టేట్ విశ్వవిద్యాలయములో ఆడిన జాక్ టేటమ్ ఇందులో పేరుపొందెను. 1971లో ఓక్‌లాండ్ రైడర్స్ జట్టు అతనిని మొదటి విడతలోనే ఎన్నుకొనెను. ఎంత గట్టిగా ఢీకొనిన అంత మెప్పు. ఆ మెప్పులోనే అతడు పెరిగెను.

1978 ఆగష్టు 12న, గెలుపోటములు లెక్కకు రాని ఒక ఆటలో, అతడు డారిల్ స్టింగ్లీని ఢీకొనెను. స్టింగ్లీ మెడయెముకలు విరిగెను. శరీరము చచ్చుబడి, మరణమువరకు చక్రముల కుర్చీయే గతియాయెను. ఆట పెద్దలు తప్పు పట్టలేదు. ఆనాటి నియమము దానిని ఒప్పుకొనెను.

టేటమ్ జట్టు శిక్షకుడైన జాన్ మాడెన్ ఆస్పత్రికి పలుమార్లు వెళ్లి పరామర్శించెను. తాను వెళ్లగా లోనికి రానీయలేదని టేటమ్ చెప్పెను. 2007లో స్టింగ్లీ, 2010లో టేటమ్ మరణించిరి. వారిరువురు సమాధానపడనేలేదు.

మనము టేటమ్‌కు తీర్పరులము కాము. "పత్రము ప్రకారమే అప్పు రాబట్టుకొంటిమి, మా తప్పేమి?" అని మనమును అనుచుందుము గదా! చేయి ఎక్కడ ఆగవలెనో నియమము చెప్పును. పడినవాని యొద్దకు వెళ్లుమని అది చెప్పదు. ఆ మాట మన మనస్సాక్షియే చెప్పవలెను. ఒకసారి తలుపు తెరువబడనియెడల, బ్రదికియున్నప్పుడే మరల తట్టుదము.